ఎడమ స్పీకరు మహిమ

చెవులున్న పౌరులందరికీ విజ్ఞప్తి. దిల్‌సుఖ్‌నగర్-ఎల్బీనగర్ ఉభయ పేటల శ్రవణ రసజ్ఞుల సంఘంలో చేరడానికి చెవులుంటే చాలదు. స్పీకర్లకు విదేశీ కేబుళ్ళుండాలి. చెవుల ప్రస్తావన నిబంధనల్లో లేదు.

పట్టాభికి అందులో చేరాలని ఎన్నాళ్ళనుంచో ప్రాణం కొట్టుకుంటోంది. పై ఫ్లాటాయనా, కింది ఫ్లాటాయనా సభ్యులే. లిఫ్టులో వాళ్ళు బేసు గురించి మాట్లాడుకుంటుంటే ఈయన అంతస్తుల అంకెలు చూస్తూ నిలబడాలి. ఎంత అప్రతిష్ఠ! కేబుల్ కొందామంటే ఆ డబ్బుకు ఫ్రిజ్జొస్తుంది. భార్య సూర్యప్రభ ఫ్రిజ్జే కావాలంటోంది. అందుకని ఇంటి వైరింగులో మిగిలిన తీగలు మెలేసి, మ్యాచింగ్ సెంటర్లో కొన్న ఎర్రటి లంగా బొందు పైన చుట్టాడు. దర్జాగా కుదిరింది. "జపాన్‌ది" అని అద్దం ముందు చెప్పి చూసుకున్నాడు. తనకే నమ్మకం కలిగింది.

కుడి స్పీకరుకు చుట్టేసరికి బొందు అయిపోయింది. సరిగ్గా అప్పుడే, సభ్యత్వానికి ఆయన పెట్టిన దరఖాస్తు పట్టుకుని సంఘం తనిఖీకి ఊడిపడింది. ఒట్టి తీగ కనబడితే పరువు పోతుందని, ఎడమదాన్ని తీగ తగిలించకుండానే కర్టెన్ పక్కన నిలబెట్టి పాట పెట్టాడు.

అధ్యక్షుడు శైలేందర్ సోఫాలో కూర్చుని కళ్ళు మూశాడు. ఒకటి మోగడం లేదని ఎక్కడ పసిగడతాడోనని పట్టాభి కర్టెన్‌ను ఎడమదాని మీదికి ఇంకాస్త లాగాడు.

"అబ్బబ్బ! ఏం కేబుల్ పట్టినవ్ పట్టాభన్నా!" అన్నాడు అధ్యక్షుడు. "కుడిదిక్కు గాత్రం సరే. గా ఎడమదిక్కు వీణ వినుండ్రి, పక్కన కూసోని వాయించినట్టే ఉన్నది."

సభ్యులందరూ ఎడమవైపు తిరిగి ఆనందబాష్పాలు తుడుచుకున్నారు. పట్టాభి బతికానురా దేవుడా అనుకున్నాడు.

టీలు తెచ్చిన సూర్యప్రభ తెల్లబోయింది. "అదేంటండీ? లంగా బొందు చాల్లేదని ఎడమదానికి తీగే తగిలించలేదుగా మీరు!"

పట్టాభి తల ఎత్తలేదు. శైలేందర్ తీరిగ్గా టీ చప్పరించి లేచాడు.

"పరేషాన్ కాకుండ్రి. నేను మెచ్చుకున్నదే గది! సప్పుడు ఏ స్పీకరైనా చేస్తది. గింత నికార్సయిన నిశ్శబ్దం పలికియ్యాలంటే ఎంత తపస్సు చెయ్యాలె! గా నిశ్శబ్దంలనే మేం వీణ విన్నం. లంగా నాడా అయితేంది? అన్నకు సభ్యత్వం ఇస్తున్నం!"

చప్పట్ల మధ్య తీర్మానం నెగ్గింది. మర్నాటికల్లా రెండు పేటల్లోనూ రసజ్ఞుల ఎడమ స్పీకర్ల తీగలు ఊడాయి. మ్యాచింగ్ సెంటర్లలో ఎర్ర బొందుకు కరువొచ్చింది. లిఫ్టులో ఇప్పుడు పట్టాభి గొంతే పెద్దది.

మొన్న ఆయన ఇంట్లో లేని సమయం చూసి సూర్యప్రభ ఎడమదానికి ఒట్టి తీగ తగిలించింది. సాయంత్రం పట్టాభి వచ్చి పాట పెట్టాడు. ఎడమవైపు నుంచి వేణువు హాయిగా వినిపించింది. ఆయన మొహం మాడిపోయింది.

"ఇదేంటే ప్రభా, మన వీణేదీ?" అన్నాడు.

మీరు నవ్వకండి. ముందు మీ ఇంట్లో ఎడమ స్పీకరు మోగుతోందేమో చూసుకోండి. మోగుతుంటే మాత్రం బయటికి పొక్కనివ్వకండి, కాలనీలో తలెత్తుకోలేరు.