చంద్రరావు కట్టిన పిచ్చుకల కుచ్చు

“అక్కయ్యా, నా కంటిని మోసగించగల నేరస్థుడు ఇంకా గుడ్డులోంచే బయటికి రాలేదు!” అని మా తమ్ముడు చంద్రరావు పాలకొల్లులోని మా వసారాలో ప్రకటించాడు. మా వీధికి కేబుల్ టీవీ వచ్చిననాటి నుంచి అతడు డిటెక్టివ్. చూరుకు తాను స్వహస్తాలతో కట్టిన వరికంకుల కుచ్చును ఒక్క పిచ్చుకైనా తినకపోవడం అతడి దృష్టిలో మహా కుట్ర.

అంతలో రెండు పిచ్చుకలు వాలాయి.

“చూశావా? మెడకు నల్లగుడ్డ కట్టుకున్నవాడు ముఠా నాయకుడు. పక్కది వేరే జాతి. వేగు!”

“నల్లమెడది మగ పిచ్చుక. పక్కది దాని పెళ్లాం.”

“నేరస్థులు బంధుత్వాలు కలుపుకోవడం మామూలే.”

పిచ్చుకలు కుచ్చును ఒక్కసారి పొడిచి, ముఖం తిప్పుకుని ఎగిరిపోయాయి.

“భయం! పిల్లి భయం!” అంటూ చంద్రరావు గోనెసంచి పట్టుకుని పక్కింటి అచ్చాయమ్మగారిని పిలిచాడు. “మీ పిల్లేనండి ముద్దాయి. సాయంత్రం యానాం వెళ్తున్నాను, అక్కడ వదిలేస్తా.”

మందు చవకగా దొరికే యానాం అతడెందుకు వెళ్తాడో పిల్లికి కూడా తెలుసు.

అచ్చాయమ్మగారు పిల్లిని గుండెకు హత్తుకున్నారు. “ముసల్దండి బాబూ! పళ్లూడిపోయి పెరుగన్నం తింటందండి. ఇది పోతే నాకెవరున్నారండి?”

“పళ్లు లేవనడం పాత ఎత్తుగడండి.”

అజ్ఞానాన్ని క్షమించగలను, గొంతు సవరించుకుని మరీ మాట్లాడే అజ్ఞానాన్ని క్షమించలేను. ఆ మాట నేననేలోగా, పిల్లి గోళ్ల గుర్తుల కోసం స్టూలెక్కిన చంద్రరావు పట్టు తప్పి, కుచ్చుతో సహా నా పక్కన తిరుగుతున్న టేబుల్ ఫ్యాను ముందు పడ్డాడు. రాలిన గింజలన్నీ ఫ్యాను గాలికి పొట్టులా లేచి వీధిలోకి కొట్టుకుపోయాయి. నేలమీద ఒక్కటీ మిగలలేదు.

“అయ్యో, అన్నీ తాలేనండి! లోపల బియ్యపుగింజే లేదు,” అన్నారు అచ్చాయమ్మగారు.

“ఎక్కడివిరా ఈ కంకులు?” అన్నాను.

“మన చేలోవే! కౌలురైతు వంగిపోయినవి ఇవ్వబోతే వద్దని, నిటారుగా, దర్జాగా నిలబడ్డవి నేనే ఏరి కోశాను.”

గింజ నిండిన కంకి బరువుకు వంగుతుందని మూడు తరాల భూవసతి అతడికి నేర్పలేదు. పిచ్చుకకు ఒక్క పొడుపు చాలింది.

అచ్చాయమ్మగారు తమ ఇంటి నుంచి వంగిన కంకులు తెచ్చి కట్టారు. నల్లమెడవాడు సకుటుంబంగా విచ్చేశాడు. కింద గోనెసంచి మీద ముద్దాయి నిద్రపోయింది.

చంద్రరావు దుమ్ము దులుపుకుని లేచాడు. “కేసు తేల్చేశాను!” అని నిటారుగా, దర్జాగా నిలబడ్డాడు.

నేను ఫ్యానును అతడి వైపు తిప్పాను.