చెక్క గోడకు తెల్లరంగు

ఆదివారం పొద్దున కాఫీ తాగి, హాల్లోని చెక్క గోడకు తెల్లరంగు వేయాలని కేశవమూర్తి మాస్టారు తీర్మానించుకున్నాడు. హోసూరులోని ఆ ఇంటిని కట్టినవాడు కట్టెల వ్యాపారి. ఒక గోడ నిండా టేకు పలకలు కొట్టించి నల్లటి పాలిష్ పట్టించాడు. ఆ గోడ పక్కన కూర్చుంటే పగలే లైటు కావాలని భార్య తార అనేది. వచ్చే వారం ఆమె సంవత్సరీకం. పటాన్ని ఆ చీకట్లో తగిలించడానికి ఆయనకు మనసు రాలేదు.

వీధి ఆచారం ఆయనకు తెలుసు. చావు జరిగిన ఇంట్లో ఏడాదిలోపు గోడకు సున్నం తాకించరు. తాకించారంటే, ఏడాది తిరగకముందే పెళ్లి జరిపిస్తున్నారని లెక్క. అయితే సున్నం వేరు, చెక్కకు వేసే రంగు వేరు అని ఆయన తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

రంగుల అంగడి ఉమాశంకర్ విశేషమేమిటని అడిగాడు. సంవత్సరీకం అనే మాట మాస్టారి నోట ఇంతవరకూ రాలేదు. "బంధువులు వస్తారప్పా. గోడ తెల్లగా ఉండల్ల," అని ఊరుకున్నాడు. ఉమాశంకర్ ఉత్సాహపడిపోయి నునుపు రహస్యమంతా చెప్పి పంపాడు. సబ్బునీళ్లతో జిడ్డు కడగాలి, గరుకు ఉప్పుకాగితంతో పాత పాలిష్ రుద్ది తీయాలి, మేకుల గుంతల్లో పుట్టీ నింపాలి, ప్రైమర్ ఆరాకే రంగు.

మాస్టారు తలుపులు మూసుకుని మధ్యాహ్నం దాకా రుద్దాడు. నల్లటి పొడి చెమటకు అంటుకుని ఆయన నెరిసిన జుట్టుకు, మీసానికి పడుచు వయసు తెచ్చింది. ఊపిరాడక వాకిట్లోకి వచ్చినప్పుడు ఎదురింటి అంగాళమ్మ చూసింది. రంగు డబ్బాలు చూసింది, మీసం చూసింది. పిల్లలు లేని ఇంట్లో పెళ్లికొడుకు ఎవరో తేల్చుకోవడం కష్టం కాదు. ఎందుకైనా మంచిదని అంగడికి ఫోన్ చేసింది. బంధువులు వస్తున్న మాట నిజమేనన్నాడు ఉమాశంకర్. తరువాతి ఫోన్ తళి ఊరికి, తార పుట్టింటికి వెళ్లింది.

పొద్దు వాలకముందే తార తమ్ముడు సోమప్ప, గులాబీ తోటలోంచి లేచినవాడు లేచినట్టే, భార్య మంజుశ్రీని బండెక్కించుకుని వచ్చి దిగాడు.

"ఏడాదన్నా ఆగలేకపోయినావా బావా?"

"ఆగితే రంగు ఆరదు సోమప్పా," అన్నాడు మాస్టారు, ఏమీ అర్థం కాక.

"పెండ్లికూతురుది ఏ ఊరన్నా?" అని మంజుశ్రీ మెల్లగా అడిగింది.

సరిగ్గా అప్పుడే అంగాళమ్మ తాంబూలం పళ్లెంతో లోపలికి వచ్చింది.

మాస్టారు ముగ్గురి ముఖాలూ చూశాడు. లోపలికి వెళ్లి, గుడ్డలో చుట్టిన పటం తెచ్చి కుర్చీలో ఆనించాడు.

"తారకు సంవత్సరీకం," అన్నాడు. మాట బయటికి వచ్చింది. "ఆమెకు వెలుతురు కావాల. అందుకని."

సోమప్ప వెళ్లి పలకల మీద అరచెయ్యి ఆనించి నడిపాడు.

"ఈడింకా గరుగ్గా ఉండాది బావా. అక్క చెయ్యి పెట్టి చూస్తాది."

చొక్కా చేతులు మడిచి ఉప్పుకాగితం అందుకున్నాడు. మంజుశ్రీ కొంగు దోపి తడిగుడ్డతో పొడి తుడిచింది. అంగాళమ్మ పళ్లెం పక్కన పెట్టి, మేకుల గుంతల్లో వేలికొసతో పుట్టీ నింపింది. రెండో పూత ఆరేదాకా తళివాళ్లు ఊరికి పోలేదు.

తిథినాడు పటం వెనుక గోడ పాలలా మెరిసింది. ఒక్కడే చేసి ఉంటే ఆ నునుపు వచ్చేది కాదని మాస్టారికి తెలుసు. అందరికీ తానే వడ్డించాడు. అంగాళమ్మ దగ్గర ఆగి, "మీరు తళికి ఫోన్ చేసింది మంచిదైందమ్మా," అన్నాడు.

"నేనా? నేనెందుకు చేస్తాను సార్," అంది ఆమె, ఇంకో గరిటె పాయసం వేయించుకుంటూ.

అప్పటినుంచి ఆ ఇంటికి వచ్చినవాళ్లు ముందు గోడను నిమిరి, తరువాత మాస్టారిని పలకరిస్తున్నారు.