గోడమీద వెలిసిన చెరువు

ఆ ఉదయం ఊరి కార్యాలయపు గుమాస్తా పెట్టుకున్న పని ఒక్కటే: పదింటికి వచ్చే ఇంజనీరుకు గోడమీది పటం చూపించి, తూర్పు ఊరికి రోడ్డు మంజూరు చేయించుకోవడం. ఉత్తరాన గుట్ట, పడమట వాగు, చుట్టూ నాలుగు ఊళ్ళు, అన్నీ కాలినడకన కొలిచి ఆయనే వేసిన పటం అది. తూర్పు ఊరు భార్య పుట్టిల్లు కావడంతో దానికి రంగు ఒక పూత ఎక్కువే పడింది.

"ఏమండీ, ఈసారైనా నీళ్ళు నమలకుండా అడగండి. మా అమ్మను ఆసుపత్రికి ఇంకెన్నాళ్ళు మంచం మీద మోసుకొస్తారు?" అని భార్య ముందే హెచ్చరించింది.

అయితే తెల్లవారుజామున వాన పడింది. కార్యాలయం కప్పు కారి, గోధుమరంగు మరక సరిగ్గా తూర్పు ఊరిమీద పరుచుకుంది. ఆ కప్పు చుక్క కూడా కారదని నెల క్రితం సంతకం పెట్టినవాడు గుమాస్తాయే.

"ఈ చెరువు కిందటిసారి లేదే?" అన్నాడు ఇంజనీరు, కళ్ళజోడు సవరించుకుంటూ.

మరక అని ఒప్పుకుంటే సంతకం అబద్ధమవుతుంది. "కొత్తదండీ," అన్నాడు గుమాస్తా.

"లోతెంత?"

"వానను బట్టండీ."

"మరి ఊరేదయ్యా?"

"అవతలి గట్టునండీ."

"చెరువులో రోడ్డెలా వేస్తాం? పడవ రాస్తాను."

తల్లిని ఆసుపత్రిలో దింపి, ముగ్గురు మనుషులతో ఖాళీ మంచం మోసుకుంటూ తిరిగి వెళుతున్న బావమరిది, రోడ్డు సంగతి కనుక్కుందామని సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఆగాడు. "పడవేంటి బావా? మాకు తాగడానికే నీళ్ళు లేవు!"

ఇంజనీరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "పదండి. ఆ చెరువేదో కళ్ళారా చూస్తాను."

మొదటి మలుపులో జీపు బురదలో దిగబడింది. రెండో మలుపులో ఇంజనీరు కుడికాలి బూటు పోయింది. దాన్ని వెతకబోతే ఎడమదీ పోయింది. రెండూ పోయాక చీలమండ బెణికింది. ఆయన్ని మంచం ఎక్కించి నలుగురూ ఎత్తుకున్నారు. గుమాస్తా గొడుగు పట్టాడు.

"గట్టిగా పట్టుకోండి సార్. ఈ గుంట దగ్గర మా అమ్మయితే కళ్ళు మూసుకుంటుంది," అన్నాడు బావమరిది.

ఇంజనీరు కళ్ళు మూసుకున్నాడు.

ఊరు వచ్చింది, చెరువు రాలేదు. "ఏదయ్యా?"

ఇక నీళ్ళు నమిలే ఓపిక గుమాస్తాకు లేదు. "కప్పు కారిందండీ. నా ఉద్యోగం పోయినా సరే, రోడ్డు మాత్రం..."

"నీ ఉద్యోగం తర్వాత చూద్దాం. ముందిది చెప్పు, నేను మళ్ళీ ఈ మంచం మీదే వెనక్కి వెళ్ళాలా?"

"వేరే దారి లేదండీ."

ఇంజనీరు మంచం దిగకుండానే కాగితం అడిగి, రోడ్డు మంజూరు చేస్తూ సంతకం పెట్టాడు.

కప్పు బాగుచేయమని కూడా ఉత్తర్వు వచ్చింది గాని, అది అమలు కాలేదు: మిగిలిన మూడు ఊళ్ళవారూ వచ్చి, ముందు ఆ కారేదేదో కాస్త తమ వైపుకు మళ్ళించమని అర్జీ పెట్టుకున్నారు.