నిలబడిన దుంగ

చెట్లను కాపాడే విషయంలో మన ప్రభుత్వాన్ని ఎవరూ వేలెత్తి చూపలేరు. (చూపితే ఆ వేలికీ చుట్టుకొలత తీసుకుంటారు.) చెట్టుకు శాఖలుండటం ప్రకృతి, చెట్టుకొక శాఖ ఉండటం ప్రభుత్వం. రెండువేల ఐదులో కడపలో వెలిసిన అమూల్య వృక్ష పరిరక్షణ శాఖ ఈ రెండో రకానిది. కొమ్మలు లేవు గానీ కుర్చీలు మాత్రం గుబురుగా ఉండేవి.

ఓబుళేశు చేను కొండను ఆనుకుని ఉంది. గట్టు మీద తాతల నాటి ఎర్రచందనం మాను. దాని నీడలో కూర్చుని తినకపోతే అతనికి సంగటి తిన్నట్టే ఉండదు. ఒక ఉదయం వెళ్లి చూస్తే మాను మొదట్లో గొడ్డలి గాటు. దొంగలు లోపల చేవ ఎంతుందో చూసి పోయారు. చేవ తేలింది కనుక మళ్లీ వస్తారు. ఓబుళేశు సంగటి ముద్ద పక్కన పెట్టి కడప బస్సెక్కాడు.

శాఖ ఆవరణ చూడగానే ప్రాణం లేచివచ్చింది. పట్టుబడిన దుంగలు రేకుల షెడ్డు కింద హాయిగా పడుకుని ఉన్నాయి. చుట్టూ ముళ్లకంచె, పట్టపగలే వెలుగుతున్న లైట్లు, తుపాకీ పట్టుకున్న కాపలా. తన మానుకూ కాస్త ఇట్లాంటి భోగం కలిగించమని రేంజరు సుదర్శన్‌ను వేడుకున్నాడు.

రేంజరు ఓపికగా వివరించాడు. కాపలా పెట్టాలంటే నంబరు ఉండాలి. నంబరును ఇనుప సుత్తితో, దుంగ కోసిన మొహం మీదే కొట్టాలి. నిలబడి ఉన్న చెట్టుకు కోసిన మొహం ఉండదు కనుక, శాఖ దృష్టిలో అది మొహం చాటేసిన చెట్టు.

“నరికినాంక కాపాడేదేముండాది సార్?”

“నరికినాంకే గదప్పా అది మా చేతికొచ్చేది. అంతవరకు అది ఉత్త అడివి.”

ఓబుళేశు వదల్లేదు. గాటు సంగతి చెప్పాడు. రేంజరు మొహం విప్పారింది. గాటు కూడా కోతే కదా! మరునాడే సుత్తితో వచ్చి, దొంగలు దయతో ఏర్పాటు చేసిన ఆ అరచేతంత జాగాలో నంబరు కొట్టాడు. ఆ క్షణం నుంచి మాను, శాఖ భాషలో, ‘పట్టుబడిన దుంగ (నిలబడిన భంగిమ)’. ఓబుళేశు టెంకాయ కొట్టాడు. అతని భార్య నాగేంద్రమ్మ సుత్తికి పసుపు పూసింది.

ఆ సంబరం వారం నిలిచింది. పట్టుబడిన దుంగ శాఖవారి డిపోలోనే ఉండాలట, బయట కనబడితే దొంగసొత్తు అట. (చెట్లకు నడక రాదన్న మినహాయింపు నిబంధనల్లో లేదు.) లారీ వచ్చింది, రంపాలు వచ్చాయి. ఓబుళేశు మానును కావలించుకుంటే, ప్రభుత్వ దుంగను ఆక్రమిస్తున్నాడని మర్యాదగా ఊడదీసి పక్కన నిలబెట్టారు. మధ్యాహ్నానికి మాను లారీలో పడుకుంది. రేంజరు వెళ్తూ వెళ్తూ అతని భుజం తట్టాడు.

“దిగులు పడొద్దప్పా. ఇంక దాన్ని ఎవడూ నరకలేడు.”

మిగిలిన మొద్దు పక్కన బోర్డు పాతారు: ‘ఈ చెట్టు సంపూర్ణ రక్షణలో ఉన్నది.’ దొంగలు కూడా వచ్చి చూసి, ఈ పనితనం తమకెప్పుడు అబ్బుతుందోనని నిట్టూర్చి పోయారని ఊళ్లో చెప్పుకున్నారు.

వానలు పడ్డాక మొద్దు అంచున చిగురొకటి తొంగిచూసింది. ఓబుళేశు అటూ ఇటూ చూసి, కంప నరుక్కొచ్చి దాని మీద కప్పాడు. సంగటి తెచ్చిన నాగేంద్రమ్మ, ఏం దాస్తాండావని గట్టిగా అడిగింది.

“మెల్లగా మే,” అన్నాడు ఓబుళేశు. “శాఖోళ్లకు తెలిసిందంటే దీన్ని గూడా కాపాడతారు.”