లైనుకో నూకరాజు

మంగళవారం ఉదయం 10.40కి పురపాలక కార్యాలయం నీటి విభాగంలో జూనియర్ అసిస్టెంట్ యర్రంశెట్టి నూకరాజును జావా అప్లికేషన్‌లో వెబ్ సాకెట్ ఎండ్‌పాయింట్‌గా చేర్చారు. ఆయన చెప్పులు సర్వర్ గది బయట విప్పి, క్యారేజీతో లోపలికి వెళ్ళారు.

నీళ్ళ వేళలు చెప్పే ఆ కంప్యూటర్ అప్లికేషన్ వయసు పదమూడేళ్ళు. అడిగినదానికి జవాబిచ్చి లైను కట్ చేస్తుంది. కుళాయి ఎప్పుడొస్తుందో తెలియాలంటే జనం మళ్ళీ మళ్ళీ అడగాలి. వెబ్ సాకెట్ ఉంటే లైను తెరిచే ఉంటుంది. నీళ్ళు వదలగానే కార్యాలయమే ముందుగా చెబుతుంది. చెప్పే చివర, అంటే ఎండ్‌పాయింట్‌లో, ఎవరో ఒకరు ఉండాలి. కొత్త పోస్టు మంజూరు కాలేదు. అన్ని వార్డుల నీళ్ళ వేళలు నోటికి వచ్చినది నూకరాజుకే.

మధ్యాహ్నానికి 312 మంది లైను తెరిచారు. నూకరాజులు 312 మంది అయ్యారు. ఎవరైనా లైను కట్ చేస్తే వాళ్ళ నూకరాజు అక్కడితో లేకుండా పోయారు. ఫిర్యాదులు రాలేదు.

సాయంత్రం ఆయన భార్య లోవలక్ష్మి కార్యాలయానికి వచ్చారు. కాంట్రాక్టు ప్రోగ్రామర్ జరీనా కుర్చీ వేశారు.

"మా ఆయన ఏరండి?"

"లోపలే ఉన్నారక్కా. ఒక్కో లైనుకి ఒక్కో నూకరాజు గారు తయారవుతారు. జావా పద్ధతే అంత."

"అందులో మా ఆయన ఎవరు?"

"అందరూ ఆయనే."

"అందరూ ఆయనైతే ఇంటికొచ్చేదెవరు?"

సూపరింటెండెంట్ రిజిస్టరు చూసి, నూకరాజు సెలవు పెట్టలేదని, డ్యూటీలోనే ఉన్నారని చెప్పారు. బయటకు తీయాలంటే అప్లికేషన్ ఆపాలి. ఆపితే మళ్ళీ లేస్తుందని రాసివ్వమంటే జరీనా రాసివ్వలేదు. పదమూడేళ్ళలో ఎవరూ రాసివ్వలేదు.

లోవలక్ష్మి ఇంటికి వెళ్ళి ఫోనులో లైను తెరిచారు.

"పదిహేడో వార్డు. నీళ్ళు రేపు ఆరుంపావుకి," అన్నారు నూకరాజు.

"నేనండీ, లోవని."

"క్యారేజీలో మళ్ళీ కాకరకాయే పెట్టావు."

ఆ పొద్దున కాకరకాయ కూర మీద ఇద్దరికీ గొడవైంది. ఆ కోపంతోనే ఆయన లోపలికి వెళ్ళారు. గంటసేపు మాట్లాడాక కోపం పోయింది. ఆమె బియ్యం కడగడానికి లేచారు. ఐదు నిమిషాలు మాట లేకపోతే లైను దానంతట అదే మూతపడుతుంది. మూతపడింది. ఆమె మళ్ళీ తెరిచారు.

"పదిహేడో వార్డు. నీళ్ళు రేపు ఆరుంపావుకి."

"నేనేనండీ."

"క్యారేజీలో మళ్ళీ కాకరకాయే పెట్టావు."

కొత్తగా తయారైన ప్రతి నూకరాజుకూ 10.40 వరకే గుర్తు. లోవలక్ష్మి పక్కింటివారి ఫోను నుంచి అడిగితే, రాజీపడిన ఆయన ఇక రారని, కొత్తాయనతో మళ్ళీ మొదలుపెట్టుకోవాలని జరీనా చెప్పారు. ఈసారి రెండు గంటలు పట్టింది.

ఆ తర్వాత లోవలక్ష్మి లైను మూతపడనివ్వలేదు. నాలుగు నిమిషాలకోసారి ఏదో ఒకటి అంటారు. నిద్రకు అలారం పెట్టుకున్నారు. శుక్రవారం కరెంటు పోతే, ఎదురింటి ఆటో బ్యాటరీకి ఫోను తగిలించి, వచ్చేదాకా ఆటోలోనే కూర్చున్నారు.

"ఇంట్లో ఉన్నప్పుడు పదిసార్లు పిలిచినా పలికేవారు కాదు," అన్నారామె అక్కడి నుంచే.

"ఇప్పుడు పలక్కపోతే ఎర్రర్ రాస్తారే."

ఆ వారంలోనే మరో నలుగురు ఉద్యోగుల భార్యలు తమ భర్తలనూ అప్లికేషన్‌లో చేర్చాలని అర్జీలు ఇచ్చారు. అవి పరిశీలనలో ఉన్నాయి. సర్వర్ గది బయటున్న నూకరాజు చెప్పులను అటెండరు మెట్ల కిందికి మార్చారు.

శనివారం సాయంత్రం 4.52కి పదిహేడో వార్డు లైను తెరిచి ఉంది. దాని మీద నమోదైన చివరి మాటలు రెండు.

"ఉన్నారా?"

"ఉన్నానే."