మేనమామ గడ్డం, మేనల్లుడి జడ

ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలు. మే నెల రెండో ఆదివారం. బద్వేలులో అప్పటికే ముప్పై డిగ్రీల వేడి, గాలి లేదు, తూర్పున ఒక మబ్బు ఉంది గాని, అది వాన మబ్బు కాదని ఆ ఊళ్ళో ఎవరిని అడిగినా చెబుతారు. బోరు మోటార్ల వ్యాపారి మునీంద్ర కారును వాకిట్లో నిలిపి, హారన్ మీద పెట్టిన చెయ్యి తీయడం మరిచిపోయాడు. కర్నూలు శివారులో కొత్తగా తెరిచిన 'నీలిలోకం' అనే నీళ్ళ పార్కుకు కుటుంబాన్ని తీసుకుపోవడం, పగలంతా ఆడించి రాత్రికి హోటల్లో ఉంచడం, మర్నాడు కొండారెడ్డి బురుజు చూపించి వెనక్కి తీసుకురావడం అతని పథకం.

"వస్తాండారా, నేనొక్కణ్ణే పోయి నీళ్ళలో పడల్లనా?" అని అరిచాడు.

"పిల్లోనికి జడ వేస్తాండా, ఉండప్పా!" లోపలినుంచి అతని తల్లి లక్ష్మీదేవమ్మ అంతకన్న గట్టిగా అరిచింది.

పిల్లవాడికి జడ ఎందుకన్నది చెప్పకపోతే తరువాత జరిగినదేదీ అర్థం కాదు. మునీంద్ర, పవిత్రల కొడుకు హర్షవర్ధన్‌కు రెండేళ్ళ ఎనిమిది నెలలు. ఆ పేరుతో వాణ్ణి పిలిచినవారు లేరు. మగబిడ్డను ఆ సీమలో ముద్దుగా పాపోడంటారు, వీడూ పాపోడే. వాడి పుట్టువెంట్రుకలు ఒంటిమిట్టలో, మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి తీయించాలన్నది ఇంటి ఆచారం. వాడి పదకొండో నెలలో అందరూ అక్కడికి చేరారు కూడా. కమలాపురం నుంచి రావలసిన మేనమామ భూపేష్, అంటే పవిత్ర తమ్ముడు, కారు టైరు పగిలి ఆలస్యమయ్యాడు. ఎండలో నిలబడలేక మునీంద్ర, "వాడు రాకుంటే ఏమి? వాని ఒళ్ళో కూచోకుంటే వెంట్రుకలు ఊడవా?" అన్నాడు. ఆ క్షణాన పవిత్ర చేతిలోని ఫోనుకు అవతల భూపేషే ఉన్నాడు. స్పీకరు తెరిచి ఉంది. భాకరాపేట దాకా వచ్చిన భూపేష్ అక్కడినుంచే కారు వెనక్కి తిప్పాడు.

తిప్పి, రెండు ఒట్లు పెట్టుకున్నాడు. బావ నోటితో 'తప్పైపోయింది' అనేదాకా గడ్డం తీయడు. వెంట్రుకలు తీసే రోజు వచ్చేదాకా మేనల్లుడి మొఖం ఫొటోలో కూడా చూడడు. ఆ మాట తన నోట రాదని మునీంద్ర తేల్చిచెప్పాడు. మేనమామ ఒడి లేనిదే కత్తెర తగలనివ్వనని లక్ష్మీదేవమ్మ కూర్చుంది. ముగ్గురి పంతాల మధ్య పెరిగినవి వెంట్రుకలు మాత్రమే. మూడో ఏడు దాటితే మళ్ళీ ఐదో ఏడుదాకా ఆగాలి. బిడ్డ జడతో బడికి పోవాలి. ఈ మగవాళ్ళ రోషానికి తన బిడ్డ నెత్తి బలి కావడం పవిత్రకు మంట పుట్టించింది. అందుకే ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, బావా బిడ్డా వస్తారని తమ్ముడికీ చెప్పకుండా, అతణ్ణి కూడా ఆ పార్కుకే రమ్మంది. నీళ్ళలో ఉన్నప్పుడు తన భర్తకు కోపం ఉండదని ఆమె నమ్మకం. ఏడేళ్ళ కాపురంలో ఆమె భర్తను నీళ్ళలో చూసింది లేదు.

పార్కు ద్వారం దగ్గరే కోపం మొదలైంది.

"నూలు బట్టలతో నీళ్ళలో దిగకూడదు సార్," అన్నాడు బట్టలిచ్చే మనిషి.

"మా జేజినాయన పంచెతోనే బావిలో ఈదినాడు!"

"బావి వేరు సార్."

పసిపిల్లల కొలతలో ఒకే ఒక్క జత మిగిలింది. నీలం రంగు, నడుము చుట్టూ కుచ్చులు. కోపంగా ఉన్న మనిషి రంగును చూస్తాడు, కుచ్చులను చూడడు. మునీంద్ర దాన్ని లాక్కుని తానే కొడుక్కి తొడిగాడు. జడలో కనకాంబరాలు ఎలాగూ ఉన్నాయి.

లోపల నాలుగంతస్తుల ఎత్తునుంచి నీళ్ళు పారుతుంటే అతని కడుపు రగిలిపోయింది. "మా పక్క వెయ్యి అడుగుల బోరు వేసినా దుమ్ము లేస్తాంటే, వీళ్ళు నీళ్ళను మెట్లెక్కించి కిందికి తోస్తాండారు! చూస్తా దీని సంగతి," అంటూ అతి పెద్ద జారుడుబండ వైపు, దానితో కొట్లాటకు పోతున్నవాడిలా నడిచాడు. ఇప్పుడే వస్తానని పవిత్ర సామాన్లు దాచే అరల వైపు తమ్ముణ్ణి వెతుక్కుంటూ పోయింది. పీచుమిఠాయితో జిగురైన పాపోడి చెయ్యి లక్ష్మీదేవమ్మ చేతిలో మిగిలింది.

అప్పుడు వాళ్ళ ముందునుంచి ఒక ఎలుగుబంటి నడిచిపోయింది. పిల్లలను నవ్వించడానికి పార్కువాళ్ళు వేయించిన వేషం అది. నెత్తిన బంగారు రంగు అట్ట కిరీటం ఉంది. ఒంటిమిట్ట రాముణ్ణి ప్రతిష్ఠించినవాడు జాంబవంతుడని పుట్టిననాటినుంచి వింటున్న లక్ష్మీదేవమ్మకు, కిరీటం పెట్టుకున్న ఎలుగుబంటి మరొకరుగా కనిపించే అవకాశం లేదు. "నా తండ్రీ! జాంబవంతా!" అని రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకుంది. రెండు చేతులూ జోడించాలంటే ఒక చేతిలో ఉన్నదాన్ని వదలక తప్పదు. ఆమె కళ్ళు తెరిచేసరికి ఎలుగుబంటీ లేదు, పాపోడూ లేడు.

జారుడుబండ మునీంద్రను తలకిందులుగా వదిలింది. ముక్కునిండా నీళ్ళతో వచ్చి, "పాపోడు యాడ?" అన్నాడు.

"జాంబవంతుడు వచ్చినాడు నాయనా…"

"నేను పాపోణ్ణి అడుగుతాండా!"

ఇద్దరూ పరుగున అరల దగ్గరికి పోయారు. పవిత్ర అక్కడ ఫోను చెవికి ఆనించుకుని నిలబడి ఉంది. తమ్ముడి ఫోను ఏదో అరలోనే మోగుతోందని ఆమెకు తెలియదు. బిడ్డ కనిపించడం లేదన్న మాట వినగానే ఆమె మొఖంలో భయానికి బదులు ఒక తృప్తి కనిపించింది. రక్తం రక్తాన్ని గుర్తుపట్టిందనీ, తమ్ముడు వచ్చి మేనల్లుణ్ణి ఎత్తుకున్నాడనీ ఆమె అనుకుంది.

"యాడికి పోతాడు లేయ్యా. మనోళ్ళే ఎవురో ఎత్తుకొనుంటారు," అంది.

"మనోళ్ళా? ఈ ఊళ్ళో మనోళ్ళు ఎవురే?"

ఆమె నవ్వుతూ మళ్ళీ ఫోను చెవికి ఆనించుకుంది. తమ్ముణ్ణి పిలిచానని చెబితే పథకం చెడుతుంది. "బిడ్డ పోతే నవ్వుతాండావు! నువ్వు తల్లివేనా?" అని అరిచి అతను కొలనుల మధ్యకు పరుగెత్తాడు. "హర్షవర్ధన్! హర్షవర్ధన్!" అని గొంతు పోయేదాకా పిలిచాడు. అది తన పేరని ఆ బిడ్డకు ఎవరూ ఏనాడూ చెప్పి ఉండలేదు.

ఇంతలో మైకు మోగింది. "ఒక చిన్న పాప మా ఆఫీసులో ఉంది. తల్లిదండ్రులు వెంటనే రావలసిందిగా కోరుతున్నాం."

"ఎవురు కన్న ఆడబిడ్డో పాపం! బిడ్డను ఇడిసిపెట్టి ఆ యమ్మ యాడ జారుతాందో!" అంది లక్ష్మీదేవమ్మ.

"ఊరోళ్ళ బిడ్డలందరూ దొరుకుతారు. మనోడు దొరకడు!" అన్నాడు మునీంద్ర. మైకు మూడుసార్లు ఆ సంగతి చెప్పింది. మూడుసార్లూ వాళ్ళు ఆ తల్లిదండ్రులను తిట్టారు. ప్రతిసారీ తిట్టు కొంచెం పెరిగింది.

ఆఫీసులో జరిగింది ఇది. ఎలుగుబంటి వెనకే పోయి, అది ఒక తలుపులోకి మాయం కాగానే ఏడుపు లంకించుకున్న బిడ్డను భూపేష్ ఎత్తుకుని ఆఫీసుకు తెచ్చాడు. జడ, పూలు, కుచ్చులు చూసి ఎవరో ఆడబిడ్డ అనుకున్నాడు. అతను బబుల్‌గమ్ నములుతున్నాడు. బిడ్డ ఏడుస్తూ అతని నోట్లో చెయ్యి పెట్టి ఆ జిగురును లాగింది, గడ్డానికి పూసింది, అక్కడే తల వాల్చి నిద్రపోయింది. పదిహేను నిమిషాల తరువాత ఇరవయ్యొక్క నెలల గడ్డమూ ముప్పైరెండు నెలల జడా ఒకటే ముద్దయ్యాయి. ఆఫీసులో ఉన్న ఆరాధన అనే అమ్మాయి కొబ్బరినూనె రాసింది. జిగురు వదలకపోగా మరికొన్ని వెంట్రుకలను కలుపుకుంది. నిద్రపోకముందు బిడ్డను ఆమె, "నీ పేరేంటమ్మా?" అని అడిగింది. "పాపోలు," అన్నాడు వాడు. గుంటూరు నుంచి వచ్చిన ఆరాధనకు అందులో 'పాప' మాత్రమే వినిపించింది.

మునీంద్ర తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. "గేట్లు మూయండి మేడం! నా కొడుకు పోయినాడు. నీలం చొక్కా!" గొంతు బొంగురుపోయి అది అతని గొంతులా లేదు.

"కంగారు పడకండి సార్, ఇప్పుడే మైకులో చెప్తాను. చూడండి, ఈయన ఎవరి పాపనో గంటసేపటినుంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు," అంది ఆరాధన.

మూలన కుర్చీలో గడ్డం మనిషి ఒకడు బిడ్డ తలమీదికి వంగి ఉన్నాడు. తల ఎత్తలేడు, అతనికి మునీంద్ర తడి పాదాలు తప్ప ఏమీ కనబడవు. మునీంద్రకు గడ్డమూ జడా కలిసిన ఒక కుప్ప, దాని కింద కప్పిన తువ్వాలు మాత్రమే కనబడ్డాయి.

"ఎవురి బిడ్డప్పా?" అన్నాడు మునీంద్ర, జాలితో.

"ఎవురికి తెలుసు? కన్నోడు యాడనో నీళ్ళలో దొర్లుతాంటాడు," అన్నాడు భూపేష్. జుట్టులో ఇరుక్కున్న అతని మాట మూటలోంచి వచ్చినట్టుంది.

"అట్లాంటోన్ని చెప్పుతో కొట్టల్ల."

"రెండు చెప్పులతోనూ కొట్టల్లప్పా."

"శానా మంచిమాట చెప్పినావు. నీ అసుమంటి మనిషి మా ఇంట్లో ఒకడుంటే నాకు ఈ గతి పట్టేది కాదు. మాకూ ఒకడుండాడు, బామ్మర్ది. సొంత మేనల్లుని మొఖం చూడడంట!"

"మాకూ ఒక బావ ఉండాడు లేప్పా. మనిషిని పిలిచి మర్యాద తీసే రకం."

"మావోడు పిలిస్తే రాడు. ఒంటిమిట్టకు పిలిస్తే సగం దోవలో…"

"ఒంటిమిట్టకా?"

"భాకరాపేటలో కారు తిప్పుకొని…"



"బావా?" అంది గడ్డం.

"నువ్వా!" అన్నాడు మునీంద్ర. "ఈడ ఊరోళ్ళ బిడ్డను ఆడిస్తాండావా? అక్కడ నా బిడ్డ పోతే!"

"నీ బిడ్డను నువ్వు పోగొట్టుకొని నామీద అరుస్తావేంది?"

ఇద్దరూ మళ్ళీ మొదలుపెడుతుండగా లక్ష్మీదేవమ్మ, వెనకే పవిత్ర వచ్చారు. ముసలామె కుర్చీ దగ్గరికి పోయి ఆ జడను చేత్తో పట్టుకుంది. తెల్లవారుజామున తాను వేసిన ముడి అది; తాను గుచ్చిన కనకాంబరాలు అవి.

"ఊరోళ్ళ బిడ్డా?" అంది ఆమె. "ఇద్దరికీ కండ్లు యాడ పెట్టుకున్యారురా! వీడు మన పాపోడు గదరా!"

ఆ పిలుపుకు బిడ్డ కళ్ళు తెరిచి, "నానా," అన్నాడు. మునీంద్ర కూలబడి వాడి పాదాలు రెండూ పట్టుకున్నాడు. ఆ కుటుంబంలో ఆ రోజు కోపం లేని క్షణాలు అవే.

ఆరాధన కత్తెర తెచ్చింది. బిడ్డ జుట్టు ఒంటిమిట్టలో తప్ప కత్తిరించనివ్వనంది లక్ష్మీదేవమ్మ. తన గడ్డం ఏం చేస్తే తెగుతుందో బావకు తెలుసునన్నాడు భూపేష్. ప్రాణం పోయినా ఆ మాట అననన్నాడు మునీంద్ర.

"అయితే ఇట్లనే పోదాం పదండి," అంది పవిత్ర. పొద్దుటినుంచి అణచుకున్నదంతా ఆమె గొంతులోకి వచ్చింది. "హోటలూ వద్దు, బురుజూ వద్దు. వానికి వెంట్రుకలు తీసేదాకా ఎవురూ నోరు తెరవొద్దు!"

కారు ఒంటిమిట్ట దారి పట్టింది. ముందు మునీంద్ర, అతని తల్లి. వెనక పవిత్ర, పక్కన ఒళ్ళో మేనల్లుడితో వంగిన భూపేష్. నంద్యాల దాటేదాకా పాపోడొక్కడే మాట్లాడాడు. కోపంగా నడిపే మనిషి అద్దంలో వెనకసీటును చూస్తాడు, దారిని చూడడు. ఆళ్ళగడ్డ దాటాక కారు ఒక పెద్ద గుంతలో పడి లేచింది. బిడ్డ తల ఒకవైపు, మేనమామ తల మరోవైపు ఎగిరాయి. మధ్యనున్న గడ్డం ఎటూ పోలేకపోయింది. భూపేష్ పెట్టిన కేక విని మునీంద్ర ఉలిక్కిపడ్డాడు.

"అయ్యో! తప్పైపోయిందప్పా, చూసుకోల్యా!"

కారు ఆగింది.

"తమ్ముడూ, విన్యావా?" అంది పవిత్ర.

"విన్యాక్కా," అన్నాడు భూపేష్, కళ్ళనీళ్ళతో.

"నేను గుంతకు చెప్పినా!"

"గుంతకు చెవులుండవు బావా. నాకుండాయి."

మునీంద్ర మైదుకూరు దాకా పళ్ళు కొరుకుతూ నడిపి, అక్కడ ఒక క్షౌరశాల ముందు ఆపాడు. "ఒట్టు తీరింది గదా. దిగి గొరిగించుకొని పో. నీ అవసరం ఇంగ లేదు."

భూపేష్ దిగలేదు. రెండు చేతులూ తిమ్మిరెక్కాయి. మెడ ఎప్పుడో పట్టేసింది. "దిగితే వాడు ఎవురి ఒళ్ళో కూచుంటాడు బావా?" అన్నాడు.

మునీంద్ర అద్దాన్ని పైకి తిప్పేశాడు. దారిని చూస్తూ, గుంతలకు నెమ్మదిగా, మిగిలిన దూరమంతా నడిపాడు.

ఒంటిమిట్ట చేరేసరికి సాయంత్రమైంది. ఆ వేళప్పుడు ముహూర్తమేమిటని పవిత్ర అడిగితే, "పంపించింది జాంబవంతుడే. ముహూర్తం ఆయప్పే చూసుకొనుంటాడు," అంది లక్ష్మీదేవమ్మ. ఒళ్ళో బిడ్డతో వచ్చి వంగి కూర్చున్న మనిషిని క్షురకుడు నాలుగువైపులా చూసి, "ముందు ఎవురివి తీయల్ల సామీ?" అన్నాడు. జడా గడ్డమూ కలిసే కిందపడ్డాయి. భూపేష్ మెడ నిటారుగా ఎత్తి, మేనల్లుడి మొఖం ఒట్టు పెట్టుకున్నాక మొదటిసారి సరిగ్గా చూశాడు. బోడితల తడుముకుంటున్న బిడ్డ గడ్డం పోయిన మేనమామను గుర్తుపట్టక గట్టిగా ఏడ్చాడు.

ఇది జరిగి తొమ్మిదేళ్ళయింది. ఆ మాట గుంతకే చెప్పానని మునీంద్ర, తనకే చెప్పాడని భూపేష్ ప్రతి పండక్కీ వాదించుకుంటారు. గుంత ఇప్పటికీ అక్కడే ఉంది.