వీధంతా కుంటుతోంది, బావా!

"బావా, ఈ భూమ్మీద నేరస్తులు రెండే రకాలు. నా చేతికి చిక్కినవాళ్ళు, ఇంకా నా కంట పడనివాళ్ళు!"

ఈ ప్రకటన చేసే సమయానికి డేగకన్ను టవలు చుట్టుకుని, కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో తెలియక గోడలు తడుముకుంటున్నాడు. జోడు నెత్తిమీదే ఉంది.

డేగకన్ను అనేది తనకు తాను పెట్టుకున్న పేరు. పగటిపూట పార్సిలు ఆఫీసులో, పోయిన పార్సిళ్ళు వెతికే సెక్షన్లో ఉద్యోగం. ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు సరికదా, నమూనాగా చూద్దామని తెప్పించుకున్నవి కూడా పోయాయి. మెడలో ఎప్పుడూ ఒక విజిలు వేలాడుతుంటుంది. ప్రమాదం ముంచుకొస్తే ఊది తన బలగాలను పిలవడానికట. బలగాలంటే బావ ఒక్కడే.

బావ అంటే డేగకన్నుకి బావ. కాసేపట్లో మీకూ ఆయన మీద జాలి పుడుతుంది కాబట్టి మనమూ బావ అనే పిలుచుకుందాం. కళ్ళజోళ్ళ షాపు ఆయనది. పొద్దస్తమానం అద్దాలు అరగదీసి అరగదీసి ఓర్పు వంటబట్టిన మనిషి. షాపు వెనకే రెండు గదుల అద్దె కాపురం. ఉన్నది ఒక్క కిటికీ, తెరిస్తే పక్కింటి గోడ. ఆయన భార్య, అంటే డేగకన్నుకి సొంత అక్క, కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆ గోడనే చూస్తూ గరిట తిప్పుతోంది.

అలాంటి అక్కకి ఇన్నాళ్ళకి ఒక ఇల్లు నచ్చింది. ఊరి శివార్లలో, బస్సు ఆఖరి స్టాపు దగ్గర పాత కాలనీ. ఒకప్పుడు అటు వెళ్ళాలంటే జనం జంకేవారట. ఇప్పుడు చెట్లు ఏపుగా పెరిగాయి, రోడ్లు పడ్డాయి, కుక్కలు కూడా మర్యాద నేర్చుకున్నాయి. ఒకే మేస్త్రీ ఒకే ప్లానుతో కట్టిన ఇళ్ళు, అన్నీ అచ్చుగుద్దినట్టుంటాయి. అందులో ఒకటి రిటైరైన ఒక మాస్టారిది. వంటింట్లో తూర్పు వైపు కిటికీ, అందులోంచి బోలెడంత ఆకాశం. అక్క దాని ముందు నిలబడిపోయి ఎంత పిలిచినా పలకలేదు. ఆ మొహం చూశాక, ఈ ఇల్లు కొనలేకపోతే తానొక మనిషే కాదనుకున్నాడు బావ.

ఆదివారం సాయంత్రంలోగా ఏదో ఒక మాట చెప్పమన్నారు మాస్టారు. అది దాటితే వెనక ఇంకొకరు కాచుకుని ఉన్నారు.

"మంచి ఇల్లు, మంచి వీధి, ధర కూడా అందుబాటు. మరి ఎందుకు అమ్ముతున్నాడు?" అన్నాడు డేగకన్ను.

"కూతురు రమ్మంటోందట."

"పారిపోయే ప్రతివాడికీ ఒక కూతురుంటుంది బావా!" అని, షాపులోంచి ఒక భూతద్దం జేబులో వేసుకుని, శనివారం పొద్దున్నే నిఘాకి బయల్దేరాడు. సాయంత్రం చెమటలు కక్కుకుంటూ వచ్చిపడ్డాడు.

"వీధంతా కుంటుతోంది, బావా!"

"ఏమిటీ?"

"పాయింటు ఒకటి. ఎదురింటి కుట్టుమిషనావిడ కుంటుతోంది. పాయింటు రెండు. పక్కింటి క్యాషియరు కుంటుతున్నాడు. పాయింటు మూడు. పాలవాడు కుంటడం లేదు!"

"అయితే?"

"పాలవాడు ఆ వీధివాడు కాదు. ఆ వీధి నీళ్ళు తాగేవాడు కాదు! పైగా ఏ గేటు ముందు ఆగినా నొప్పుల మందు వాసన. మధ్యాహ్నం అయ్యేసరికి ఇళ్ళన్నీ గురకలు. మొత్తం కలిపి చూడు."

"అలిసిపోయి ఉంటారు పాపం."

"విషం! నీళ్ళలో విషం! ముందు కాళ్ళు, తర్వాత నిద్ర, ఆ తర్వాత..." అంటూ చూపుడువేలు పైకెత్తాడు. పైన ఫ్యాను తప్ప ఏమీ లేదు. "ఇంతకీ ఆ మాస్టారు బళ్ళో ఏం చెప్పేవాడు?"

"అడగలేదు."

"సైన్సు! కావాలంటే రాసిస్తాను. సీసాలు, పొడులు, పొగలు!"

అక్క వంటింట్లోంచి వచ్చింది. "ఒరేయ్, మొన్న ఆ ఇంట్లో నేను రెండు గ్లాసుల నీళ్ళు తాగానురా."

డేగకన్ను భూతద్దం తీసి ఆమె పాదాల వైపు వంగాడు. "అక్కా, ఒకసారి నడిచి చూపించు."

"నడవను, తంతాను. కాలెలా ఉందో నీకే తెలుస్తుంది."

బావ నవ్వేశాడు. కానీ అనుమానం పెనుభూతం. అందులోనూ దాన్ని ఇంటికి తెచ్చింది బావమరిది అయితే కూర్చోబెట్టి భోజనం కూడా పెట్టాలి. జీవితంలో ఒక్కసారి కొనే ఇల్లు. నిజంగా ఏదైనా ఉంటే?

ఆదివారం భోజనాలయ్యాక ముగ్గురూ వెళ్ళారు. గేటు దగ్గరే పక్కింటి క్యాషియరు పట్టుకున్నాడు.

"కళ్ళు మూసుకుని కొనెయ్యండి సార్! గాలి, వెలుతురు, నీళ్ళు..."

నీళ్ళు అనగానే డేగకన్ను బావ నడుం మీద పొడిచాడు.

"ఇంతకీ మాస్టారు ఎప్పుడు ఖాళీ చేస్తారట? ఇంకాస్త ముందే వీలుపడదా? మా వీధిలో ఇల్లు అమ్మకానికి రావడం ఇదే మొదలు సార్. ఎవరూ కదలరు. కదల్లేరు..." అని నాలిక్కరుచుకుని, నడుం పట్టుకుని కుంటుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

మాస్టారు నిటారుగా ఉంటారు, గొంతు కంచు. కుర్చీలో కూర్చునేటప్పుడు మాత్రం మోకాలు పట్టుకుని "అబ్బా" అనడం బావ చెవిన పడింది. ఆయన దగ్గరా నొప్పుల మందు వాసనే.

"మాస్టారూ, ఇల్లు అమ్మడానికి కారణం..."

"చెప్పానుగా, అమ్మాయి రమ్మంటోంది," అన్నారాయన గోడవైపు చూస్తూ. మొహం చూసి చెప్పని మాట అది. బావకి ఒప్పుకోవాలని ఉంది, నోరు పెగలడం లేదు. కిటికీ దగ్గర అక్క మొగుడి నోటివైపే చూస్తోంది.

డేగకన్ను ఎప్పుడు మాయమయ్యాడో ఎవరూ గమనించలేదు. విషం శాంపిలు కోసం ఖాళీ సీసాతో పెరట్లోని నీళ్ళ ట్యాంకు ఎక్కాడు. చేతులు ఖాళీ లేవు, అవసరం పడితే ఉండాలని విజిలు పళ్ళ మధ్య కరిచిపట్టాడు. మూత తీయబోయాడు, నిచ్చెన జారింది. సీసా కింద పడింది, మనిషి గొట్టం పట్టుకుని గాల్లో వేలాడాడు. అరుద్దామంటే నోట్లో విజిలు. విజిలు తీద్దామంటే చెయ్యి వదలాలి. ఊపిరి పీల్చి వదిలాడు.

"పీ...!"

బావ వీధిలోకి పరుగెత్తాడు. అక్కడ చూసిన దృశ్యం ఆయన జన్మలో మరిచిపోలేడు. వీధిలో తలుపులన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. క్యాషియరు బనీనుతో, కుట్టుమిషనావిడ మెడలో టేపుతో, దిండు చారలు బుగ్గల మీద అలాగే ఉన్న జనమంతా కుంటుకుంటూ వచ్చి, చెయ్యి చాచినంత దూరంలో బారుగా నిలబడ్డారు. సగం కళ్ళు మూతలే.

"పీ!" చేతులు పైకి లేచాయి. "పీ!" కిందికి దిగాయి. డేగకన్నుకి భయంతో ఆయాసం పెరిగింది. "పీపీ! పీపీ! పీపీ!" వీధంతా గెంతడం మొదలుపెట్టింది.

"మాస్టారూ... స్పీడు... తగ్గించండి..." అని మూలిగాడు క్యాషియరు.

"ఆగండి!" మాస్టారు గేటు దగ్గరకొచ్చారు. ఆయన విజిలు ఆయన చేతిలోనే ఉంది. "నేను ఊదలేదే! మిట్టమధ్యాహ్నం ఈ గెంతులేమిటి?"

పెరట్లో అక్క నిచ్చెన ఆనించి తమ్ముణ్ణి దించింది. బావ నెమ్మదిగా అడిగాడు. "మాస్టారూ, మీరు బళ్ళో ఏం చెప్పేవారు?"

"డ్రిల్లు."

వీధిలో సగం మంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే. రిటైరయ్యాక కూడా రోజూ తెల్లవారుజామున మాస్టారు విజిలేస్తారు, వీళ్ళు వరస కడతారు. రానని చెప్పే ధైర్యం ఒక్కరికీ లేదు. కుట్టుమిషనావిడే ముందు నోరు విప్పింది.

"తప్పుగా అనుకోకండి మాస్టారూ. మీరు వెళ్ళిపోతున్నారంటే నాకు ఏడుపొచ్చింది. మోకాళ్ళకి మాత్రం ప్రాణం లేచొచ్చింది."

మాస్టారు చేతిలోని విజిలు కేసి చాలాసేపు చూశారు. ఆ పెద్దాయన్ని అలా చూస్తుంటే బావకి మనసు చివుక్కుమంది.

"మరి నేనెందుకు పోతున్నాననుకున్నారు?" అన్నారు చివరికి. "నా మోకాళ్ళు మాత్రం ఇనపవా? మానేద్దామంటే, తెల్లారకుండానే మీరంతా గేట్ల దగ్గర తయారు. పాపం, ఇంత ఉత్సాహం మీద నీళ్ళు చల్లడమా అని రోజూ లేచాను. ఇల్లమ్ముకుని పోతే పరువుగా ఉంటుందనుకున్నాను."

వీధి వీధంతా పగలబడి నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్విన మాస్టారు కళ్ళు తుడుచుకుంటూ, "అయితే ఇంక అమ్మాల్సిన పనే లేదు!" అన్నారు.

బావ నవ్వు ఆగిపోయింది. గేటు దగ్గర అక్క ఊచలు పట్టుకుని నిలబడింది. అది చూసి ఆయనకి మరీ బాధనిపించింది. అయిదు నిమిషాల ముందు నోరు పెగిలి ఉంటే ఆ కిటికీ ఆమెది అయ్యేది.

"కేసు ఛేదించాం బావా!" అన్నాడు డేగకన్ను, మోచేతులకి అంటిన నాచు దులుపుకుంటూ. నీళ్ళలో విషం నిజంగా ఉంటే బాగుండేది, ఒక్క చెంచాడైనా, అనిపించింది బావకి.

మాస్టారికీ అక్క మొహం చూసి సిగ్గేసింది. ఆ సిగ్గు వరస మీద చూపించారు. "ఇంకా నిలబడే ఉన్నారేం? డిస్మిస్! ఇక ఎవరిష్టం వాళ్ళది. ఉండేవాళ్ళు ఉండండి, పోయేవాళ్ళు పొండి."

క్యాషియరు క్లాసులోలాగా చెయ్యెత్తాడు. "మాస్టారూ... నిజంగానే పోవచ్చాండి?"

"పోవడమేమిట్రా?"

"బ్యాంకులో ట్రాన్స్‌ఫరై ఏడాదైంది. రెండు బస్సులు మారి పోతున్నాను. ఇల్లమ్మేసి అటే పోదామంటే, లైన్లో ఖాళీ పడితే మీరేమంటారోనని..."

"ఓరి పిచ్చి సన్నాసీ!"

అక్క ఊచలు వదిలి క్యాషియరు వైపు తిరిగింది. "అన్నయ్యగారూ, మీ వంటిల్లు..."

"అదే ప్లానమ్మా. తూర్పు కిటికీయే. మా ఆవిడ దానికి అడ్డంగా బీరువా పెట్టిందంతే."

"జరిపేద్దాం," అంది అక్క. అప్పటికే నడుస్తోంది. ఈసారి బావ కిటికీ దాకా ఆగలేదు. గేటు దగ్గరే మాట ఇచ్చేశాడు.

కొత్తింట్లో చేరిన వారానికి డేగకన్ను నాలుగు రోజులుందామని పెట్టెతో దిగాడు. విజిలుతో సహా. ఆ సంగతి తెలిసి వీధిలో అందరూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి అక్కతో గుసగుసలాడి వెళ్ళారు.

మర్నాడు పొద్దున్నే ఇల్లు దద్దరిల్లింది.

"బావా, ఘోరం! నా విజిలు పోయింది! మెడలో ఉండగానే తాడు కోసేశారు. ఇది ఆరితేరిన చెయ్యి. బయటివాడు కాదు, ఇంటిదొంగే!"

అక్క తూర్పు కిటికీలోంచి ఆకాశం చూస్తూ గరిట తిప్పుతోంది. వెనక్కి తిరగలేదు. ఆమె పక్కన బియ్యం డబ్బా మూత ఒరగా ఉంది, దానిమీద కత్తెర. బావ మూత సరిగ్గా నొక్కి, కత్తెర జేబులో వేసుకుని, టీ గ్లాసు అందుకున్నాడు.

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నువ్వు ముందు నీ కళ్ళజోడు పట్టుకో."

డేగకన్ను గోడలు తడుముకుంటూ బయల్దేరాడు.